గుడి కట్టెల గూడు

మా అత్త తన కోళ్ల గూటిని గుడి కట్టెలతో కట్టుకుంది. గుడి అంటే మా వీధి చివర ఉండే ప్రార్థనా మందిరం. మా వైపు క్రైస్తవులం కూడా దాన్ని గుడి అనే అంటాం. మట్టిగోడల పాత గుడిని పడగొట్టి స్లాబు గుడి కట్టిన ఏడాది, పాత వాసాలూ తలుపు రెక్కలూ సంఘంలో ఇంటింటికీ కొంచెం కొంచెం పంచారు. కొందరు పొయ్యిలోకి వాడుకున్నారు. కొందరు ఎనుముల కొట్టానికి గుంజలుగా పాతుకున్నారు. మా అత్త మాత్రం ఒక తలుపు రెక్క, కొన్ని వాసాలు అడిగి తెచ్చుకుంది.

ఆ తలుపును ఆదివారం పొద్దున్నే తీసి, ఆరాధన అయ్యాక మూసేది మా మామ, అంటే నా భర్త తండ్రి. ఆయన బతికున్నంత కాలం అది ఆయన పని. గొళ్లెం దగ్గర కట్టె ఆయన అరచేతి రాపిడికి నున్నగా అరిగిపోయింది. గుడి పడగొట్టేనాటికి ఆయన లేడు. ఉన్న రెండు గదుల్లో అంత తలుపు పెట్టుకోవడానికి చోటు లేదు కాబట్టి అత్త దాన్ని పెరట్లోకి చేర్చింది. మూడు వైపులా బండలు నిలబెట్టించి, ముందు ఆ తలుపును సగానికి కోయించి బిగించి, కోళ్లు ఎక్కి పడుకోవడానికి లోపల వాసాలు అడ్డంగా వేయించింది. పైన రేకు.

ఆమెకు సెంటు భూమి లేదు. పత్తి తీతకో, ఉల్లి పీకటానికో, మిరప కోతల కాలంలో గుంటూరు వైపో పోయి కూలి చేసి బతికిన మనిషి. కోత పండుగ నాడు తక్కిన వాళ్లు వేరుశనగ మూటలు, జొన్నకంకులు, ఉల్లిగడ్డల గంపలు గుడికి మోసుకొస్తుంటే ఆమె చంకలో కోడిని పెట్టుకొని పోయేది. ఆ ఏడాది పిల్లల్లో అన్నింటికన్నా మేలైనదాన్ని, ఏ లోపమూ లేనిదాన్ని ఏరి ఇచ్చేది. ఆరాధన అయ్యాక కానుకలన్నీ వేలం పాట పెడతారు, వచ్చింది గుడికి పోతుంది. అత్త కోడికి ఎప్పుడూ పోటీ ఉండేది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఒక్క పండుగ కూడా తప్పకుండా ఇచ్చానని ఆమె చెప్పుకునేది. ఆమె జీవితంలో నాకు తెలిసి ఆమె గొప్పగా చెప్పుకున్నది అదొక్కటే.

గూడు కట్టిన మరుసటి ఎండాకాలం ఊళ్లో కోళ్లకు కొక్కెర తెగులు వచ్చింది. మెడలు వంకర తిరిగి, పచ్చగా పారుకొని, వీధి వీధంతా చచ్చిపోయాయి. మా అత్త కోళ్లలో ఒక్కటి కూడా పోలేదు. ఎందుకు బతికాయో నాకు ఈనాటికీ తెలియదు. దేవుని కృప అని ఆరోజు అందరితో పాటు నేనూ స్తోత్రం చెప్పాను. ఇప్పుడూ కాదనను. అత్త ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. "గుడి కట్టె కింద పండుకొన్న కోళ్లప్పా అవి. యాడికి వస్తాది తెగులు?" అంది. అందరూ హల్లెలూయ అన్నారు.

ఆ తర్వాత వారం నుంచి సాయంత్రమయ్యేసరికి మా పెరటి గుమ్మం దగ్గర ఆడవాళ్లు నిలబడేవారు. చంకలో కోడి, లేకపోతే గంపలో పిల్లల కోడి.

"అక్కా, ఒక్క రాత్రి నీ గూట్లో పండుకోనీ. తెల్లారి తీస్కపోతా."

"తే. యాడ పోతాది సోటు."

అత్త ఎవరినీ కాదనలేదు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. పక్క ఊళ్ల సంఘాల నుంచి కూడా వచ్చారు. మా కోళ్లు ముడుచుకొని ఒక మూలకు జరిగితే, కొత్త కోళ్లు వాసాల మీద వరుసగా కూర్చునేవి. అది మొక్కుబడిలా మారింది. కొత్త కోడిపిల్లలు దిగితే ఒక రాత్రి అక్కడ పడుకోబెట్టి తీసుకుపోవడం మా సంఘంలో ఆచారమై కూర్చుంది.

నేను సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్తాను. పెళ్లికి ముందు ఎమ్మిగనూరులో ఉన్నప్పుడు బైబిలు వాక్యం నేర్చుకోవడానికి శిక్షణకు పోయినదాన్ని. అందుకని ఆ ఆడవాళ్లు నన్ను కూడా ప్రార్థన చేయమనేవారు. చేశాను. కోళ్ల కోసం ప్రార్థన చేయడంలో నాకేమీ తప్పు కనబడలేదు, ఇప్పుడూ కనబడదు.

వానలు పడ్డాక కోళ్లు మారిపోయాయి. ముందు గుడ్లు తగ్గాయి. తర్వాత నెత్తి మీద జుట్టు ఎరుపు తగ్గి, పాలిపోయి, నీళ్లలో నానిన తోలులా తెల్లబడింది. సాయంత్రం గూటి దగ్గరికి వచ్చి లోపలికి పోకుండా నిలబడిపోయేవి. కొన్ని ప్రహరీ అవతల కంపచెట్టు ఎక్కేవి. అత్త వెదురు కట్టె తీసుకొని ఒక్కొక్క దాన్నీ దించి, తిడుతూ, రెక్కలు పట్టి లోపలికి తోసి తలుపు వేసేది.

"పిల్లి నోట్లో పడి సావాలనా? గుడి తలుపు ఉండంగ కంప మీదికి పోతారే, ముండల్లారా!"

నాకు సంగతి తెలిసింది గుడ్ల వల్ల. ఒక పొద్దున గూట్లో చెయ్యి పెట్టి గుడ్డు తీస్తే దాని మీద సన్నటి ఎర్రటి చుక్కలు ఉన్నాయి. చెయ్యి మీద ఏదో పాకినట్టయింది. కొడవలి తెచ్చి దాని మొనతో తలుపు చీలికలో గీరాను. బూడిద లాంటిది రాలింది. ఆ బూడిద కదిలింది. బొటనవేలితో అదిమితే వేలంతా రక్తం.

"అత్తా, ఇట్ల రా. సూడు ఈడ."

"ఏందిమే?"

"పేలు. కట్టె నిండా ఉండాయి."

"పేలు ల్యాని కోడి యాడుంటాదిమే? నీ నెత్తిలో ల్యావా?"

"నా నెత్తిలో ఉండేటివి మనిషిని సంపవు."

"నా కొడుకును సగం సంపినాయి, పో!" అని నవ్వింది. ఆ గూటి దగ్గర ఆమె నవ్వగా నేను చూసిన చివరిసారి అదే.

ఆమె తనకు తెలిసినదంతా చేసింది. కోళ్లు పొర్లడానికి బూడిద పోసింది. వేపాకు పొగ పెట్టింది. పొగాకు నానబెట్టిన నీళ్లలో ఒక్కొక్క కోడినీ ముంచి తీసింది. అవన్నీ కోళ్లకు చేసినవే. కట్టెను ముట్టుకోలేదు.

నేను ఒక పెట్టను సంచిలో పెట్టుకొని ఎమ్మిగనూరు పశువుల ఆసుపత్రికి పోయాను. డాక్టరు దాని కంటి రెప్ప లాగి చూశాడు. లోపల తెల్లగా ఉంది.

"దీంట్లో రక్తం లేదమ్మా. పేలు కోడి మీద వెతికితే పెద్దగా దొరకవు. పగలంతా కట్టెల చీలికల్లో ఉంటాయి. చీకటి పడ్డాక వచ్చి తాగి, మళ్లీ కట్టెల్లోకి పోతాయి. మీ గూట్లో కట్టె ఉందా?"

"ఉంది సార్."

"కాల్చేయండి. బండలకు మందు కొట్టి సున్నం వేయండి. కట్టె ఉంచి కోళ్లకు ఎన్ని చేసినా లాభం లేదు."

మందు సీసా ఇచ్చాడు. తెచ్చి అత్తకు చూపించాను. బండలకు కొట్టనిచ్చింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి అడ్డం నిలబడింది.

"దేవుని కట్టెకు ఇసం కొడ్తావా? నీకు సేతులెట్ల వస్తాయిమే?"

కట్టె కోసం ఆమె దగ్గర వేరే మందు ఉంది. పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె. జ్వరం వస్తే నుదుటికి రాసుకునే ఆ నూనెను తలుపు నిండా, వాసాల నిండా గుడ్డతో పూసింది. తెల్లారి చూస్తే నూనె తగిలిన చోటల్లా పేలు చచ్చి అంటుకొని ఉన్నాయి. ఏ నూనె పూసినా పైన ఉన్నవి ఊపిరాడక చస్తాయని డాక్టరు తర్వాత చెప్పాడు. కానీ ఆ పొద్దున అత్తకు కావలసిన రుజువు దొరికింది. చీలికల లోపలికి నూనె పోదు. వారం తిరిగేసరికి మళ్లీ అంతే ఉన్నాయి. ఆమె మళ్లీ పూసింది.

వాక్యం తెలిసినదాన్ని కాబట్టి వాక్యంతోనే ఆమెకు నచ్చజెప్పాలనుకున్నాను. పక్కన కూర్చొని ఇత్తడి సర్పం సంగతి చెప్పాను. అరణ్యంలో పాములు కరిచినవాళ్లు దాన్ని చూసి బతికారు. దాన్ని చేయమన్నది దేవుడే. అయినా తర్వాతి తరాల వాళ్లు దానికి ధూపం వేయడం మొదలుపెడితే ఒక రాజు దాన్ని ముక్కలు చేయించాడు. ఆ రాజును దేవుడు తప్పు పట్టలేదు, మెచ్చుకున్నాడు.

అత్త అంతా శ్రద్ధగా విన్నది.

"ఆ రాజు యాడ, నువ్వు యాడ?" అంది. "అయినా ఆ ఇత్తడి పామును ఆయప్ప పెండ్లాము వారం వారం తీసి మూసిందా? నా మొగుడు తీసి మూసిన తలుపు ఇది."

ఆమె నమ్ముకున్నది కట్టెనా, దేవుణ్ణా, మొగుణ్ణా అని విడదీయాలని చూశాను. ఆమె లోపల అవి వేరువేరుగా లేవు.

నా భర్త ఆదోనిలో పత్తి మిల్లుకు పనికి పోతాడు. తల్లి ముందు నోరెత్తని మనిషి. ఒకసారి ధైర్యం చేసి, "కాల్చేద్దాం మా, కొత్త గూడు కట్టిస్తా," అన్నాడు. "మీ నాయన సేతులు కాలుస్తావా?" అని అడిగింది. ఆ మాట తర్వాత అతను పెరట్లోకి రావడమే మానుకున్నాడు.

అత్త నల్ల పెట్టను పొదగేసింది అప్పుడే. పండుగకు ఇవ్వాల్సిన కోడి కొన్నేళ్లుగా ఆ పెట్ట పిల్లల్లోంచే వచ్చేది. ఆ ఏడాది అది మొదటిసారి పొదిగిన పిల్లల్లో ఒక పొడల పెట్టపిల్ల మిగిలింది. రెండోసారి పొదగడానికి గుడ్లు పెట్టి గంపను గూట్లోనే ఉంచింది. ఇంట్లో పెడదామని నేనన్నాను. "గూడు కన్నా బద్రము యాడుంది?" అంది. పొదిగే కోడి లేచి తిరగదు. రాత్రంతా గుడ్లను వదలదు. తాగేవాటికి అంతకన్నా ఏం కావాలి?

ఒక తెల్లవారుజామున ప్రార్థన ముగించి అత్త దోసిట్లో జొన్నలు తీసుకొని పోయి పిలిచింది. పెట్ట లేవలేదు. గుడ్ల మీద రెక్కలు విప్పుకొని, మెడ గంప అంచు మీద వాల్చి అట్లాగే చచ్చిపోయి ఉంది. ఎత్తితే దూది ఎత్తినట్టుంది. కింద గుడ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి. అత్త వాటిని పత్తిలో చుట్టి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పనికి పోలేదు. ఒక్కొక్క గుడ్డునూ చెవి దగ్గర పెట్టుకొని వినేది. ఒకదాంట్లో పిల్ల కదిలినట్టుందని నన్ను పిలిచింది. నేనూ విన్నాను. నిజంగానే ముక్కుతో గోకుతున్న చప్పుడు ఉంది. సాయంత్రానికి ఆగిపోయింది.

ఆ తర్వాత మిగిలినవి ఒకటొకటిగా పోయాయి. అత్త చేతుల నిండా దద్దుర్లు లేచాయి. గుడిలో చాప మీద కూర్చొని ప్రసంగం జరుగుతుండగా దువ్వెన పళ్లతో మోచేతులు గోక్కునేది. పక్కన కూర్చునే ఆడవాళ్లు చాప కొంచెం దూరంగా పరుచుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల ఇళ్లలో కూడా కోళ్లు తెల్లబడుతున్నాయని నాకు అప్పుడప్పుడే వినబడుతోంది. ఒక రాత్రి పడుకొని పోయిన ప్రతి కోడీ మా గూటి నుంచి ఎన్నో కొన్ని పేలను మోసుకుపోయింది. మా గూటికి ముందు వాటిని ఎవరి కోడి తెచ్చిందో ఎవరు చెప్పగలరు?

ఐగుప్తు దేశంలో ధూళి అంతా పేలుగా మారిన బైబిలు పాఠం నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ తెగులు దేవుని మాట విననివాళ్ల మీదికి వచ్చింది. ఈమె వినని మాట ఏదని మోకాళ్ల మీద అడిగాను. నాకు సమాధానం రాలేదు. రాలేదని రాయడం నాకు కష్టంగానే ఉంది.

పండుగ దగ్గరికి వచ్చేసరికి ఇవ్వదగ్గది పొడల పెట్టపిల్ల ఒక్కటే మిగిలింది. దాన్ని అత్త కంటికి రెప్పలా చూసింది. సజ్జలు నానబెట్టి నోట్లో పెట్టేది. బెల్లం నీళ్లు తాపేది. సాయంత్రం కాగానే దాన్ని తీసుకుపోయి ఆ తలుపు వెనక పెట్టి గొళ్లెం వేసేది.

"దాన్నన్నా నా దగ్గర ఉండనీ అత్తా. గంప కింద మూస్తా, మంచం పక్కనే."

"ఇది నీది కాదు, నాది కాదు. దేవునిది. దేవుని తలుపు ఎనక ఉంటాది."

పండుగ రోజు ఆ పెట్టపిల్లకు పసుపు నీళ్లతో కాళ్లు కడిగి, కొత్త చీర కట్టుకొని చంకలో పెట్టుకొని పోయింది. గుడి ముందు షామియానా వేశారు. కానుకలన్నీ బల్ల మీద, బల్ల చుట్టూ పేర్చారు. కోడిని బల్ల కాలికి కట్టారు. తక్కిన వాళ్ల పుంజులు రెక్కలు కొట్టుకొని అరుస్తుంటే అది కళ్లు మూసుకొని కూర్చుంది.

వేలం పాటలో గుమ్మడికాయలు పోయాయి, వేరుశనగ మూటలు పోయాయి. అత్త కోడి వంతు వచ్చింది. పాట పెట్టే సంఘ పెద్ద దాన్ని ఎత్తి చూపించి పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాడు.

"ఏమప్పా, నిద్రపోతాండారా? ఈ కోడికి కొట్లాడుకొనేటోళ్లు కదా ఏటా!"

వెనక నుంచి మా పక్కింటామె అంది: "ఆ గూటి కోడి వద్దన్నా. ఆడ ఒక్క రాత్రి పండుకొన్న పాపానికి నా కోళ్లన్నీ తెల్లగై సచ్చినాయి."

అత్త తిరిగి చూసింది. "నేను రమ్మన్నానా? నువ్వే తెస్తివి సంకలో పెట్టుకొని."

"తెస్తి. బుద్ధి ల్యాక తెస్తి."

"గుడి ముందర ఏందమ్మా ఇది," అన్నాడు సంఘ పెద్ద. పాస్టరుగారు ముందుకు వచ్చి, "నేను తీసుకుంటానులే తల్లీ," అన్నారు.

"జాలికి తీసుకొంటే అది కానుక కాదయ్యా," అంది అత్త. "పాటలో పోవాల."

నా భర్త చెయ్యెత్తబోయాడు. అత్త అతన్ని కూర్చోమంది. ఇచ్చింది మళ్లీ ఇంటికి రాకూడదని. దాంతో ఏ దారీ లేకపోయింది. సంఘ పెద్ద కోడిని మళ్లీ బల్ల కాలి దగ్గర దించి, ఉల్లిగడ్డల పాట మొదలుపెట్టాడు.

భోజనాలు వడ్డించారు. అత్త తినలేదు. బల్ల పక్కన నేల మీద కూర్చుంది. నేను విస్తరి తీసుకొని పోయేసరికి పెట్టపిల్ల ముక్కు నేలకు ఆనింది. అత్త దాని కంటి రెప్ప లాగి చూసింది, డాక్టరు చూసినట్టే. నేను ఇంటికొచ్చి చెప్పింది ఆమె మరచిపోలేదన్నమాట. లోపల తెల్లగా ఉంది. చూస్తుండగానే మెడ జారిపోయింది.

దాన్ని రెండు చేతుల్లో పట్టుకొని లేచి పాస్టరుగారి దగ్గరికి పోయింది.

"అయ్యా, ఇప్పుడు ఇది ఎవరిది? నాదా, దేవునిదా?"

పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆమె కొంచెంసేపు ఎదురుచూసి, కోడిని కొంగులో చుట్టుకొని ఇంటి దారి పట్టింది.

నేను వెనకే వచ్చేసరికి పెరట్లో పత్తికట్టెలు మోస్తోంది. పొయ్యిలోకి దాచుకున్న మోపులన్నీ తెచ్చి గూటి చుట్టూ పేర్చింది. అత్త కట్టెకు అందకుండా కంపచెట్టెక్కి బతికిన రెండు ముసలి పెట్టలు దూరం నుంచి చూస్తున్నాయి. చచ్చిన పెట్టపిల్లను లోపల వాసం మీద పెట్టి తలుపు మూసింది. గొళ్లెం దగ్గర నున్నగా అరిగిన చోట అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది.

"ప్రార్థన చెయ్యాలా అత్తా?"

"వద్దు. అగ్గిపెట్టె తే."

ఆమే అంటించింది. ఇంకా పొద్దు ఉంది. ఇన్ని నెలలు నూనె తాగిన కట్టె కాబట్టి వెంటనే అందుకుంది. చీలికల్లోంచి చిటపటమని సన్నటి చప్పుడు చాలాసేపు వచ్చింది. పొగ చూసి పక్కింటామె వచ్చింది. ఆమె చేతిలో తన ఇంటి కోళ్ల గంప ఉంది. దాన్ని మంటలో వేసింది. తర్వాత ఇంకొకామె వచ్చింది, ఇంకొకామె. గంపలు, గోనె సంచులు, పాత వాసాలు. అత్త పక్కకు జరిగి వాళ్లకు దారి ఇచ్చింది.

"ఎయ్యండి, ఎయ్యండి. రాత్రికి సోటు అడిగినప్పుడు వద్దంటినా? ఇప్పుడూ అనను."

ఎవరూ తలెత్తలేదు.

మూడు బండలు నల్లబడి నిలిచాయి. నేను వాటికి మందు కొట్టి సున్నం వేశాను. రేకు కప్పి కొత్త గూడు కట్టిస్తానని నా భర్త అంటే అత్త వద్దంది. ఆ ముసలి పెట్టలను నాకిచ్చేసింది. వాటి జుట్టు మెల్లగా ఎర్రబడింది. అవి గుడ్లు పెడుతున్నాయి, నేను తీసి వండుతున్నాను. ఆమె తినదు.

గుడికి వస్తుంది. ఆదివారం ఒక్కటి కూడా మానలేదు. కానుక సంచి వరుసలోకి వచ్చినప్పుడు అందరిలాగే పిడికిలి మూసి లోపల పెట్టి తీస్తుంది. ఆ పిడికిలిలో ఏమీ ఉండదు. పక్కన కూర్చునేది నేనే కాబట్టి నాకు తెలుసు. సంచి పట్టుకొనే వాళ్లకు కూడా తెలుసు. వాళ్లు ఆమె ముందు ఆగుతారు, ఆమె చెయ్యి తీసేదాకా ఉండి, తర్వాతి మనిషి దగ్గరికి పోతారు.